పూలమడులకు గట్టు కట్టడం: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

వాన తగ్గగానే వచ్చే ఫిర్యాదులు రెండే. పేర్చిన ఇటుకలు ఒరిగిపోయాయని ఒకటి, మడిలో మట్టంతా పార్కింగ్ టైల్స్ మీదికి వచ్చేసిందని ఇంకొకటి. రెండింటికీ కారణం చాలాసార్లు ఒకటే: గట్టు పైకి ఎలా కనిపిస్తుందో చూసుకున్నంతగా నేలలోకి ఎంత దిగిందో, నీరు ఎటు పోతుందో చూసుకోకపోవడం. ఏ ప్రశ్న దగ్గర తెరిచినా జవాబు అక్కడే పూర్తిగా దొరికేలా రాశాం.

## మొదలుపెట్టే ముందు

పూలమడికి గట్టు తప్పనిసరా? అందానికే అయితే ఖర్చెందుకు?

అందం దాని చివరి పని. మొదటి పని మట్టిని ఆపడం. విశాఖలో వాన రోజంతా చినుకులుగా పడేది తక్కువ, గంటలో కుండపోతగా కురిసేది ఎక్కువ. ఇక్కడి ఎర్రమట్టి ఎండలో రాయిలా బిగుస్తుంది. అందుకే మొదటి వాన లోపలికి ఇంకదు, పైపై మట్టిని కోసుకుంటూ పారిపోతుంది. మీరు వేసిన పశువుల ఎరువు, వర్మీకంపోస్టు ఉండేది ఆ పైపొరలోనే. రెండో పని, నడిచే దారిలోని గరికను మడిలోకి రానివ్వకపోవడం. చుట్టూ నేల పూర్తిగా చదునుగా ఉండి, మడి నేలమట్టానికే ఉంటే గట్టు లేకపోయినా ఫర్వాలేదు. మడి నేల కంటే 3 అంగుళాలు ఎత్తుగా ఉన్నా గట్టు ఉండాల్సిందే.

ఏ నెలలో కడితే మంచిది?

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు. నేలలో ఇంకా కొంచెం తడి ఉంటుంది, తవ్వడం సులువు, సిమెంటు పని కూడా నెమ్మదిగా ఆరి గట్టిపడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో చేయక తప్పకపోతే ముందురోజు సాయంత్రం గీత పొడవునా నీళ్లు పెట్టి, మర్నాడు తెల్లవారుజామున తవ్వండి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. తవ్విన కాలువ ఒక్కరాత్రి నీటితో నిండితే అంచులు కూలి పని మొదటికొస్తుంది. ఆ రెండు నెలలూ వదిలేయండి.

మడి ఎంత వెడల్పు ఉండాలి?

గట్టు బయట కూర్చుని చెయ్యి చాపితే అందేంత. ఒక వైపు నుంచే అందే మడికి 2 అడుగులు, రెండు వైపులా దారి ఉంటే 4 అడుగులు. అంతకు మించితే కలుపు తీయడానికి మడిలోకే దిగాలి. దిగిన ప్రతిసారీ మట్టి గట్టిపడుతుంది, గట్టు మీద కాలు పడి ఇటుక కదులుతుంది.

కాంపౌండ్ గోడకు ఆనించి మడి వేసి, మూడు వైపులే గట్టు కడితే సరిపోదా?

ఇటుకలు మిగులుతాయి, గోడ పాడవుతుంది. తడి మట్టి ఆనుకుని ఉన్నచోట ప్లాస్టరింగ్ ఉబ్బి రాలిపోతుంది, పక్కింటివారి వైపు రంగు కూడా పెచ్చులూడుతుంది. గోడకూ మడికీ మధ్య కనీసం 6 అంగుళాలు వదిలి నాలుగో వైపు కూడా గట్టు పెట్టండి. ఆ సందులో 20 ఎంఎం కంకర పోస్తే నీరు నిలవదు, కలుపూ పెద్దగా రాదు. ఇంటి గోడ విషయంలో అయితే 6 అంగుళాలు కూడా చాలవు, అడుగు వదలండి.

## ఏ సరుకు వాడాలి

ఎర్ర ఇటుకా, ఫ్లై యాష్ ఇటుకా?

మట్టిలో పాతిపెట్టడానికి బాగా కాలిన ఎర్ర ఇటుకే మా మొదటి మాట. బట్టీలో మంటకు దగ్గరగా ఉండి కాస్త నల్లబడి, వంకర తిరిగిన ఇటుకను గోడలకు ఎవరూ తీసుకోరు. గట్టుకు మాత్రం అదే మేలు, ఎందుకంటే అది నీటిని తక్కువ పీలుస్తుంది. ఫ్లై యాష్ అంటే విద్యుత్ కేంద్రంలో బొగ్గు కాల్చాక మిగిలే బూడిద. పరవాడ సింహాద్రి థర్మల్ కేంద్రం దగ్గరలోనే ఉంది కాబట్టి ఫ్లై యాష్ ఇటుక ఇక్కడ సులువుగా దొరుకుతుంది. అంచులు సూటిగా ఉంటాయి, వరస చక్కగా వస్తుంది. కానీ సరిగా నీళ్లు పెట్టి క్యూరింగ్ చేయని సరుకైతే భూమిలో ఏడాదికే మూలలు పొడిపొడిగా రాలతాయి. గోరుతో గీకితే పొడి రాలే ఇటుకను కొనకండి.

ఇటుక మంచిదో కాదో ఇంట్లోనే ఎలా చూసుకోవాలి?

రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి కొట్టండి. కంగుమని మోగాలి, దబ్బుమంటే లోపల సరిగా కాలలేదు. తర్వాత ఒక పొడి ఇటుకను తూచి, 24 గంటలు బకెట్లో నానబెట్టి, పైన తుడిచి మళ్లీ తూచండి. బరువు ఐదో వంతు కంటే ఎక్కువ పెరగకూడదు. అంటే 3 కిలోల ఇటుక 3 కిలోల 600 గ్రాములు దాటిందంటే అది గట్టుకు పనికిరాదు. బకెట్ నీళ్లు ఎర్రగా చిక్కబడినా అంతే.

మా ఇల్లు సాగర్ నగర్‌లో, బీచ్‌కి దగ్గర. ఇనుప రేకు బోర్డర్ నిలుస్తుందా?

వద్దు. జీఐ రేకుకు పైనున్న జింకు పూత కోసిన అంచుల దగ్గర ఉండదు. ఉప్పుగాలి అక్కడ మొదలుపెట్టి లోపలికి తినేస్తుంది. తుప్పుపట్టి పల్చబడిన అంచు పిల్లల కాళ్లకు బ్లేడు లాంటిది. తుప్పే రక్షణ పొరగా మారుతుందని చెప్పి అమ్మే కార్టెన్ స్టీల్ కూడా తీరానికి సరిపడదు. ఉప్పుగాలి తగిలేచోట ఆ పొర నిలకడగా ఏర్పడదు. సముద్రానికి దగ్గరి ఇళ్లకు రాయి, బాగా కాలిన ఇటుక, ఇనుప చువ్వ లేని కాంక్రీటు, ఈ మూడే.

సరుగుడు కర్రలు, వెదురు వాడితే చవక కదా?

చవకే, కానీ ఎర్రమట్టిలో చెదలు ఎక్కువ. భూమిలో పాతిన కర్రను చెదలు లోపలి నుంచి తింటాయి కనుక పైకి బాగానే ఉన్నట్టు కనిపించి ఒకరోజు పుటుక్కున విరుగుతుంది. ఒక సీజన్ బంతి, చామంతి మడికి తాత్కాలికంగా అయితే వాడుకోవచ్చు.

ఖాళీ సీసాలు తలకిందులుగా పాతితే ఎలా ఉంటుంది?

చూడటానికి బాగుంటుంది, కానీ మేము సిఫారసు చేయం. పైకి కనిపించే సీసా అడుగున గుంట ఉంటే వాన నీరు నిలిచి దోమలు చేరతాయి. గునపం తగిలి పగిలితే గాజు పెంకులు మట్టిలో కలిసిపోతాయి. ఆ మట్టిలో చేతులు పెట్టేది మీరే.

ఆన్‌లైన్‌లో దొరికే ప్లాస్టిక్ బోర్డర్ కొనవచ్చా?

నల్లరంగుది, మందంగా ఉన్నది, 5 లేదా 6 అంగుళాల ఎత్తుది అయితే కొనండి. అందులో అంగుళం మాత్రమే పైకి ఉంచి మిగతాది పాతాలి. మేకు కొట్టి పైపైన నిలబెట్టే పలచటి రకం మన ఎండకు రెండు మూడు వేసవుల్లో పెళుసై విరుగుతుంది.

కడప బండ ముక్కలు, వంటింటి గ్రానైట్ ముక్కలు మిగిలాయి. వాడుకోవచ్చా?

హాయిగా వాడుకోవచ్చు. 12 అంగుళాల ఎత్తు వచ్చేలా కోయించి, సగం భూమిలో, సగం పైన నిలబెట్టండి. సన్నటి రాయి కాబట్టి 6 అంగుళాల కంటే తక్కువ పాతితే ఊగుతుంది. గ్రానైట్ కోసిన అంచు పదునుగా ఉంటుంది. పై అంచును మిషన్‌తో గుండ్రంగా అరగదీయించకుండా పెట్టకండి.

బీచ్ ఇసుక, ఎర్రమట్టి దిబ్బల మట్టి తెచ్చుకోవచ్చా?

రెండూ వద్దు. బీచ్ ఇసుకలో ఉప్పు ఉంటుంది. సిమెంటులో కలిపితే గట్టు మీద తెల్లగా ఉప్పు పొంగుతుంది, మడిలో పడితే మొక్కల ఆకుల చివర్లు మాడతాయి. పైగా తీర నియంత్రణ పరిధిలో ఇసుక తవ్వడం నిషేధం. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు రక్షిత భూవారసత్వ స్థలం. అక్కడ ఒక తట్ట మట్టి తవ్వినా మళ్లీ రాని దాన్ని పోగొట్టుకున్నట్టే.

ఇటుకలు లేకుండా మొక్కలతోనే అంచు వేయవచ్చా?

నేల చదునుగా ఉంటే వేయవచ్చు. ఎండ బాగా పడేచోట టేబుల్ రోజ్, బిళ్లగన్నేరు. ఈ రెండూ ఇసుక నేలను, సముద్రగాలిని తట్టుకుంటాయి. రెయిన్ లిల్లీ దుంపలు 2 అంగుళాల లోతున, 4 అంగుళాల దూరంతో పెడితే వాన పడిన కొన్ని రోజులకే వరసంతా పూస్తుంది. ఆకు రంగు కావాలంటే ఆల్టర్నాంథెరాను 6 అంగుళాలకు ఒకటి నాటి, రెండు మూడు వారాలకోసారి కత్తిరించాలి. కత్తిరించడం మానేస్తే అది అంచులా ఉండదు, పొదలా పెరిగిపోతుంది. నీడకు మోండో గడ్డి. వేళ్లు అల్లుకునే వరకు మొక్కల అంచు మట్టిని ఆపదు కాబట్టి మొదటి వానాకాలం మడి ఎత్తు పెంచకండి.

## లెక్క, గీత

10 అడుగుల పొడవుకు ఎన్ని ఇటుకలు పడతాయి?

ఎలా పెడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. 9 అంగుళాల పొడవు, సుమారు 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న ఇటుకతో 10 అడుగులకు లెక్క ఇది. పడుకోబెట్టి పొడవుగా పేరిస్తే 14. నిలబెట్టి వెడల్పు ముఖం బయటికి ఉంచితే 30. నిలబెట్టి మందం ముఖం బయటికి ఉంచితే 40. ఒకదాని మీద ఒకటి వాలినట్టు ఏటవాలుగా పళ్ల వరస పెడితే 28 నుంచి 30. మన దగ్గర బట్టీకో కొలత ఉంటుంది, కనుక లోడు దిగకముందే టేపు పెట్టి చూడండి. విరిగేవాటి కోసం నూటికి 5 నుంచి 10 ఎక్కువ తీసుకోండి.

మడి చుట్టుకొలత కూడా ముందే వేసుకోవాలి. 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న మడికి చుట్టుకొలత 26 అడుగులు. 6 అడుగుల వ్యాసం ఉన్న గుండ్రటి మడికి దాదాపు 19 అడుగులు.

వంపులు తిరిగిన గీత సరిగా రావడం లేదు. ఎలా గీయాలి?

నీళ్లు పట్టే రబ్బరు పైపును గంటసేపు ఎండలో పడేస్తే మెత్తబడి చెప్పినట్టు వంగుతుంది. దాన్ని నేల మీద పరిచి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూడండి, మేడ మీదికి వెళ్లి కూడా చూడండి. నచ్చాక పైపు పక్కనే ముగ్గుపిండి పోసి గీత వేసి పైపు తీసేయండి. గుండ్రటి మడికి మధ్యలో మేకు దిగ్గొట్టి, పురికొస కట్టి తిప్పడమే. చిన్న చిన్న వంపులు ఎక్కువ పెట్టకండి. 2 అడుగుల కంటే తక్కువ వ్యాసార్థం ఉన్న మలుపులో నిండు ఇటుకలు కూర్చోవు, సందులు పడతాయి.

## కట్టేటప్పుడు

సిమెంటు లేకుండా ఇటుకలు పేరిస్తే నిలుస్తాయా? ఎంత లోతు తవ్వాలి?

నిలుస్తాయి, ఇటుకలో మూడింట రెండు వంతులు భూమిలో ఉంటే. నిలబెట్టిన 9 అంగుళాల ఇటుకకు 6 అంగుళాలు లోపల, 3 పైన. అడుగున రాతిపొడి పొర 2 అంగుళాలు కావాలి కాబట్టి కాలువ 8 అంగుళాల లోతు, 6 అంగుళాల వెడల్పు తవ్వండి.

ముందు రెండు చివర్లా మేకులు కొట్టి పురికొస లాగండి. ఇటుకల పై అంచు తగలాల్సిన ఎత్తులోనే కొస ఉండాలి. కాలువ అడుగున నీళ్లు చల్లి దిమ్మిసతో గట్టిగా కొట్టండి. దిమ్మిస లేకపోతే బరువైన దుంగ చాలు. క్రషర్ రాతిపొడి పోసి, తడిపి, మళ్లీ కొడితే 2 అంగుళాల గట్టి పొర మిగలాలి. ఇటుకలను మూల నుంచి మొదలుపెట్టి, ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి, రబ్బరు సుత్తితో కొసకు దించండి. 3 అడుగులకోసారి లెవెల్ చూడండి.

తర్వాత వచ్చే పనే అందరూ తొందరపడి పాడుచేసేది. పక్కల మట్టిని ఒక్కసారే నింపి కాలితో తొక్కితే చాలదు. రెండు వైపులా 2 అంగుళాల చొప్పున పోస్తూ, పార కర్ర వెనక కొనతో కుదించుకుంటూ పైకి రావాలి. బయటివైపు మట్టి లోపలివైపు కంటే గట్టిగా ఉండాలి, ఎందుకంటే వానకు నానిన మడి మట్టి బయటికే నెడుతుంది.

గట్టు పైఅంచుకు, మట్టికి మధ్య ఎంత తేడా ఉండాలి?

మట్టి ఒకటిన్నర అంగుళం కిందికి ఉండాలి. కొబ్బరి పీచు, ఎండుటాకులు పరిచే అలవాటుంటే 3 అంగుళాలు వదలండి. అంచు దాకా మట్టి నింపితే గట్టు ఉన్నా లేనట్టే.

కాంక్రీటు అక్కడే పోసి గట్టు కట్టాలంటే సరుకెంత?

4 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు, 10 అడుగుల పొడవుకు సిమెంటు 20 కిలోలు, ఇసుక 1 ఘనపుటడుగు, చిప్స్ (సన్న కంకర) 2 ఘనపుటడుగులు. అంటే సిమెంటు, ఇసుక, చిప్స్ ఒకటికి రెండుకు నాలుగు పాళ్లు. నీళ్లు 10, 11 లీటర్లకు మించకూడదు. మేస్త్రి పని సులువవుతుందని ఇంకో బకెట్ పోయనిస్తే బలం తగ్గుతుంది, ఆరాక పగుళ్లు వస్తాయి. రెండు వైపులా చెక్కలకు నూనె రాసి బిగించి, కాంక్రీటు పోసి, సన్నటి చువ్వతో పొడుస్తూ సందులు పూడ్చండి. పచ్చిగా ఉండగానే 3 అడుగులకోసారి తాపీతో 2 అంగుళాల లోతు గాటు పెట్టండి. కాంక్రీటు ఎలాగూ కుంచించుకుని పగులుతుంది. గాటు ఉంటే మీరు గీసినచోట సూటిగా పగులుతుంది, లేకపోతే దానికి తోచినచోట. మర్నాడు చెక్కలు తీసి, గోనెసంచులు కప్పి 7 రోజులు తడుపుతూ ఉండండి. కాంక్రీటు మోసిన గమేళా (ఇనుప తట్ట) కడిగిన నీళ్లు మాత్రం మడిలో పోయకండి.

కాంక్రీటు గట్టులో నీరు నిలిచి మొక్కలు కుళ్లుతున్నాయి. ఏం చేయాలి?

పల్లం వైపు నీరు బయటికి పోయే దారి లేకపోవడమే కారణం. కట్టేటప్పుడైతే 3 అడుగులకొకటి చొప్పున ముప్పావు అంగుళం పీవీసీ పైపు ముక్కలు అడ్డంగా పెట్టాలి. బయటి మూతి నేలమట్టానికి కాస్త పైన ఉండాలి, పైపు బయటికి కొద్దిగా వాలాలి. లోపలి మూతికి షేడ్‌నెట్ ముక్క చుట్టి, దాని ముందు రెండు దోసిళ్ల కంకర పోయండి. లేకపోతే మొదటి వానకే మట్టి పట్టి మూసుకుపోతుంది. కట్టేసిన గట్టయితే డ్రిల్లింగ్ మిషన్‌తో రంధ్రాలు వేయించవచ్చు.

మా ఇల్లు కొండవాలులో ఉంది. గట్టు కూడా ఏటవాలుగా పోనివ్వాలా?

మెట్లుగా దించండి. సింహాచలం కొండ చుట్టూ, ఆరిలోవ, మధురవాడ వైపు చాలా ఇళ్లకు ఇదే సమస్య. ఏటవాలు గట్టు వెంట నీరు వేగంగా పారి కింది మూలలో మట్టినంతా పోగుచేస్తుంది. 10 అడుగుల పొడవులో నేల అడుగు పల్లం ఉంటే నాలుగు మెట్లు చేయండి. ఒక్కో మెట్టు రెండున్నర అడుగుల పొడవు, 3 అంగుళాల దిగువ. ఎత్తు తేడా చూడటానికి మేస్త్రులు వాడే పారదర్శక లెవెల్ ట్యూబే నమ్మకమైనది. లోపల గాలిబుడగ లేకుండా నీళ్లు నింపుకోండి. వీలైతే మడిని వాలుకు అడ్డంగా వేయండి, నిలువుగా కాదు.

ఒకటిన్నర అడుగుల కంటే ఎక్కువ మట్టిని ఆపాల్సి వస్తే అది గట్టు పని కాదు. రాతితో రిటైనింగ్ వాల్ కట్టాలి. దానికి ఇంజనీరును అడగండి.

డ్రిప్ పైపు గట్టును ఎలా దాటించాలి?

గట్టు కింద నుంచి అంగుళం పీవీసీ ముక్కను ముందే పెట్టేసి, దానిలోంచి 16 ఎంఎం పైపును లాగండి. గట్టు మీద నుంచి వేస్తే కాలికి తగులుతుంది, ఎండకు పగులుతుంది.

మామిడి, కొబ్బరి చెట్టు చుట్టూ పూలమడి చేసి గట్టు కట్టవచ్చా?

కట్టవచ్చు, కానీ చెట్టు మొదలు చుట్టూ మట్టి ఎత్తు పెంచకూడదు. మామిడి బెరడు ఎప్పుడూ తడిలో ఉంటే కుళ్లుతుంది. మొదలు నుంచి కనీసం 3 అడుగుల దూరంలో గట్టు వేయండి. తవ్వేటప్పుడు బొటనవేలి కంటే లావు వేరు అడ్డొస్తే నరకకండి. అక్కడ ఇటుకను పొట్టిగా కోసి వేరు మీదుగా దాటించండి.

## కట్టాక వచ్చే ఇబ్బందులు

ఇటుకలు బయటికి ఒరిగిపోతున్నాయి. అంతా విప్పి మళ్లీ కట్టాలా?

అక్కర్లేదు. ఒరిగిన భాగం వరకే తీసి, లోపలివైపు మట్టిని జానెడు వెనక్కి లాగి, ఇటుకలను మళ్లీ నిలబెట్టండి. బయటివైపు అడుగున 3 అంగుళాల ఎత్తు, 3 అంగుళాల వెడల్పు కాంక్రీటు ఆసరా వేసి పైన మట్టి కప్పేయండి. సిమెంటు, ఇసుక, చిప్స్ ఒకటికి మూడుకు ఆరు పాళ్లు సరిపోతాయి. రెండు రోజులాగి లోపలి మట్టి నింపండి.

గట్టు కట్టినా గరిక, తుంగ వచ్చేస్తున్నాయి. ఎందుకు?

రెండింటి దారి వేరు. గరిక నేల మీద పాకుతూ, పైపొరలో వేర్లు దింపుతూ వస్తుంది. 6 అంగుళాల లోతున్న, సందులు లేని గట్టు దాన్ని చాలావరకు ఆపుతుంది. గట్టు మీదుగా ఎక్కే తీగలను వారానికోసారి కత్తిరిస్తే చాలు. తుంగ అలా కాదు. దాని గడ్డలు లోతుగా, గొలుసులా ఉంటాయి. దాని మొలక సూదిలా ప్లాస్టిక్ షీటును కూడా పొడుచుకుని వస్తుంది. ఏ గట్టూ దాన్ని ఆపదు. కట్టకముందే మడిని అడుగు లోతు తవ్వి, గడ్డలను చేత్తో ఏరి, మూడు వారాలు నీళ్లు పెట్టి మొలిచినవాటిని మళ్లీ ఏరాలి. ఆకు మాత్రమే లాగితే కింద గడ్డ అలాగే ఉంటుంది. బయటి నుంచి తెచ్చిన మట్టితోనే తుంగ ఎక్కువగా వస్తుంది కాబట్టి లోడు దింపించుకునే ముందు గుప్పెడు మట్టి జల్లించి చూడండి.

గట్టు పక్కనున్న నూరువరహాలు మొక్క ఆకులు పసుపయ్యాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. నీళ్లు తక్కువయ్యాయా?

నీళ్లు కాదు, ఇనుము అందడం లేదు. కొత్త సిమెంటు గట్టు నుంచి, దానికి వేసిన సున్నం నుంచి క్షారం మట్టిలోకి దిగుతుంది. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా నూరువరహాలు, గార్డెనియా తీసుకోలేవు. లీటరు నీటికి 5 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద కొట్టండి. వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొడితే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి. ఈ ద్రావణం టైల్స్ మీద పడితే తుప్పు మరకలు పోవు, గోనె పరిచి కొట్టండి. ఈ రెండు మొక్కలను సిమెంటు గట్టుకు అడుగున్నర దూరంలో పెట్టుకుంటే అసలీ బాధే ఉండదు.

ఇటుకల మీద తెల్లటి పొడి పట్టింది. కడిగితే మళ్లీ వస్తోంది.

అది ఇటుకలోని, మట్టిలోని ఉప్పు. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోయి, ఆరాక పైకి వస్తుంది. పొడిగా ఉన్నప్పుడు గట్టి బ్రష్‌తో రుద్ది, రాలిన పొడిని చేటలోకి ఎత్తేయండి. మడిలోకి తోయకండి. బోరు నీరు ఉప్పగా ఉండే ఇళ్లలో ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. ఇటుకకు హాని కొద్దిగానే ఉంటుంది, ఆ నీటితో మొక్కలకు ఎక్కువ.

గట్టు సందుల్లో నత్తలు, తేళ్లు చేరుతున్నాయి.

వదులుగా పేర్చిన రాళ్ల గట్టే వాటికి ఇల్లు. సందుల్లో రాతిపొడి కూరి, పైన సిమెంటు పాలు పోయండి. నత్తలను చీకటిపడ్డాక టార్చి వేసుకుని, చేతికి గ్లవుజు తొడుక్కుని ఏరి ఉప్పునీళ్ల బకెట్లో వేయడమే ఖాయమైన మార్గం. మడిలో నేరుగా ఉప్పు చల్లకండి, మొక్కలు పోతాయి. కొండ పక్క కాలనీల్లో రాళ్ల గట్టులో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి.

జాజు, సున్నం వేస్తే బాగుంటుంది కదా?

బాగుంటుంది. పండక్కి జాజు పూసి తెల్లటి చుక్కలు పెట్టిన గట్టు అందం వేరు. జాజుతో మొక్కలకు ఇబ్బంది లేదు. సున్నం మాత్రం బయటి ముఖానికే వేయండి, మట్టి తగిలే లోపలి ముఖానికి వద్దు. ఆయిల్ పెయింటు తడి ఇటుక మీద బొబ్బలెక్కి ఊడుతుంది.

తుఫాను హెచ్చరిక వచ్చింది. గట్టు, మడి విషయంలో ఏం చూసుకోవాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలికి భూమిలో పాతిన ఇటుక లేవదు. కానీ గట్టు మీద అతికించకుండా పెట్టిన రాళ్లు, కుండీలు, దీపాలు ఎగురుతాయి. ముందురోజే వాటిని లోపల పెట్టండి. నీరు పోయే పైపుల మూతులు చువ్వతో పొడిచి శుభ్రం చేయండి. మట్టి అంచు దాకా ఉంటే రెండు అంగుళాలు తీసి గోనెల్లో ఎత్తిపెట్టండి. గేటు పక్క కాలువలో ఆకులు తీసేయండి, లేకపోతే రోడ్డు నీరు మడిలోకి ఎదురు తంతుంది. గాలి తగ్గాక సముద్రపు ఉప్పు తుంపర ఆకుల మీద పేరుకుని ఉంటుంది. వాన ఆగిన వెంటనే ఆకులను మంచినీటితో కడిగి, మడికి కూడా ఒకసారి నిండుగా మంచినీళ్లు పెట్టి ఆ ఉప్పును కిందికి దించేయండి.